కుండా, జాడీయా? వంటింటి పాత్రను బొమ్మ వేయాలనుకునేవారికి

మా ఇంట్లో బొమ్మలకు మంచి కాలం ఉగాది వెళ్ళాక వచ్చే నెల. పాత ఆవకాయ అడుగంటుతుంది, జాడీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. వాటిని కడిగి, తుడిచి, డాబా మీద ఎండబెట్టి, కొత్త కాయ వచ్చేదాకా ఒక మూలన పెడతారు. ఆ మూడు నాలుగు వారాలూ వాటితో ఎవరికీ పనిలేదు. ఏడాదంతా "అది కదపకు, తడి చెయ్యి పెట్టకు" అని కాపలా కాసే మా అమ్మ, అప్పుడు మాత్రం "తీసుకెళ్ళి ఏం చేసుకుంటావో చేసుకో" అంటుంది. నేను తీసుకెళ్ళి బల్ల మీద పెట్టుకుని బొమ్మ వేస్తాను.

పన్నెండేళ్ళుగా ఇదే నా ఆదివారం పని. చేసే ఉద్యోగానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అయినా తెలిసినవాళ్ళు అడుగుతుంటారు: "వస్తువుల్ని చూసి బొమ్మలు వేయడం మొదలుపెడదామనుకుంటున్నాను, ఏం పెట్టుకోవాలి? నీటిరంగులా, ఆయిలా? యాపిల్ పండ్లు కొనాలా?" యాపిల్ పండ్లు కొనక్కర్లేదు. బొమ్మ సగంలో ఉండగానే ఇంట్లో పిల్లలు తినేస్తారు. కుండను ఎవరూ తినరు, వాడిపోదు, "ఎంతసేపు కూర్చోవాలి" అని అడగదు. అయితే ఏ కుండ, దేనితో, ఎలా పేర్చి అన్న ప్రశ్నలకు మాత్రం అందరికీ ఒకే జవాబు లేదు. ఎవరికి ఏది నప్పుతుందో నాకు తోచినట్టు చెబుతాను.

ముందు ఒక చిన్న పక్కమాట. మన చిత్రకళలో కుండ లేకపోలేదు. రవివర్మ దగ్గర్నుంచి గోడ క్యాలెండర్ల దాకా కడవ కనిపిస్తూనే ఉంటుంది, కానీ ఆడమనిషి నడుము మీద. చూసేవాడి కన్ను నడుము దగ్గరే ఆగిపోతుంది, కడవ దాకా వెళ్ళదు. ఇంకా వెనక్కి వెళితే అమరావతి శిల్పాల్లో పూర్ణఘటం ఉంది. తామరలు పొంగిపొర్లే ఆ కలశమే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోనూ ఉంది. అది పూజలందుకునే కుండ. నేను మాట్లాడుతున్నది చల్లకుండ గురించి. అంచు కాస్త విరిగి, ఒక పక్క మసిబారి, రోజూ చేతిలో నలిగేదాని గురించి. నేను చూసినంతలో మన బొమ్మల్లో దానికి సొంతంగా పీట వేసి కూర్చోబెట్టినవాళ్ళు తక్కువ.

ఐరోపాలోనూ ఆ పీట తేలిగ్గా దొరకలేదు. 1660ల చివర్లో ఫ్రెంచి చిత్రకళా అకాడమీ తరఫున ఫెలిబియన్ అనే పండితుడు చిత్రాలకు అంతస్తులు కట్టాడు. చరిత్ర, పురాణ ఘట్టాలు పైన, మనుషుల బొమ్మలు ఆ కింద, ప్రాణంలేని వస్తువులు అట్టడుగున. దాదాపు అరవై ఏళ్ళకు, 1728లో, షార్డాఁ అనే చిత్రకారుడు అదే అకాడమీ గుమ్మం ఎక్కాడు. అతను పట్టుకెళ్ళిన బొమ్మల్లో ఒకదాంట్లో ఉన్నది కోసి వేలాడదీసిన టేకు చేప, జడుసుకున్న పిల్లి, ఒక కూజా, వంటింటి సరంజామా. చేర్చుకున్నారు.

ముందు పాత్ర, తర్వాతే రంగులు

చాలామంది రంగుల పెట్టె కొనేశాక దానికి తగ్గ వస్తువు కోసం ఇల్లంతా వెతుకుతారు. దీన్ని తిరగేయాలి. పాత్ర ఒంటిమీద వెలుగు ఎలా నడుచుకుంటుందో చూసి, దానికి తగ్గ రంగులు తెచ్చుకోవాలి.

ఒక పరీక్ష చేసి చూడండి. గదిలో దీపాలన్నీ ఆర్పి, కుండనూ జాడీనీ కిటికీ పక్కన పెట్టండి. ఎదురుగా కుర్చీలో కూర్చుని తలను అటొక జానెడు, ఇటొక జానెడు జరపండి. కుండ మీది వెలుగునీడలు ఉన్నచోటే ఉంటాయి. జాడీ మీది మెరుపు మాత్రం మీ తలతో పాటు జరుగుతుంది. కుండ మీది వెలుగు కుండకు చెందింది. జాడీ మీది మెరుపు సగం కిటికీది, సగం మీ కంటిది. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ దానివెంటే వస్తాయి.

మట్టి కుండ

కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాలంటే, మొదటి ఏడాది దీన్ని మించింది లేదు. కారణాలు చాలా చెప్పొచ్చు గానీ అసలైంది ఒక్కటే, అది మెరవదు. మెరవని గుండ్రటి వస్తువు మీద వెలుగు నీడలోకి దిగే మెట్లు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. ముందు వెలుగు, తర్వాత అసలు రంగు, తర్వాత నీడ, నీడలో ఒకచోట చిక్కటి చీకటి. సరిగ్గా అంచు దగ్గరికి వచ్చేసరికి, బల్ల మీద పడ్డ వెలుగు తిరిగి తగిలి, ఆ చీకటి కొద్దిగా తేటపడుతుంది. కొత్తవాళ్ళు ఈ చివరి మెట్టు వదిలేస్తారు. అందుకే వాళ్ళ కుండ గుండ్రంగా కాక, అట్టముక్క కత్తిరించి అంటించినట్టు ఉంటుంది.

రెండో మేలు, అది పూర్తిగా సౌష్ఠవంగా ఉండదు. సారె మీద తీసిన కుండను ఆ తర్వాత చెక్కతో కొట్టి కొట్టి పలచన చేస్తారు, అడుగు గుండ్రం చేస్తారు. ఆ దెబ్బల గుర్తులు పక్క వెలుగులో స్పష్టంగా కనిపిస్తాయి. కాబట్టి మీ చెయ్యి కాస్త వంకర పోయినా కుండ ఏమీ అనుకోదు. జాడీకి ఆ ఉదారం లేదు. దాని గీత ఒక వెంట్రుకవాసి జరిగినా దొరికిపోతారు.

నోటి గుండ్రం సంగతి మాత్రం రెంటికీ ఒకటే. పైనుంచి చూస్తున్నప్పుడు నోరు కోడిగుడ్డు అడ్డంగా పడుకున్నట్టు కనిపిస్తుంది. దాని రెండు చివర్లూ ఎప్పుడూ మొనదేలవు. మొనదేలినట్టు గీయడమే అందరి మొదటి తప్పు, నాదీ అదే. ఇంకో సూత్రం, కంటి ఎత్తు నుంచి కిందికి దిగేకొద్దీ ఆ గుండ్రం విప్పారుతుంది. అంటే నోటికన్నా అడుగు ఎక్కువ గుండ్రంగా కనబడాలి. బల్ల అంచు తిన్నగా ఉంది కదా అని జాడీ అడుగును కూడా తిన్నగా గీసేస్తే, నోరు ఒకచోటి నుంచీ అడుగు మరోచోటి నుంచీ చూసినట్టు ఉంటుంది. అనుమానం వస్తే కుండను తిప్పడం మాని కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడండి, వంకర అక్కడికక్కడే కనిపిస్తుంది.

మన కుండకు అడుగు కూడా గుండ్రమే కనుక ఇంకో చిక్కుంది. ఒంటరిగా బల్ల మీద నిలబడదు, కుదురు కావాలి. గడ్డి కుదురో, గుడ్డ చుట్టో, ఏదైనా సరే, అది బొమ్మలో కనిపించనివ్వండి. కుండ దేని మీద కూర్చుందో చెప్పకపోతే గాల్లో తేలుతుంది. కుండ కుదురును తాకే చోట సన్నటి నల్లటి గీత ఉంటుంది. బొమ్మ మొత్తంలో అదే అన్నిటికన్నా చీకటి చోటు కావాలి. ఆ గీత సరిగ్గా పడిన రోజు కుండకు బరువు వస్తుంది.

ఇక రంగు. కుండ ఎరుపు మట్టిలోని ఇనుముది. కుండలు కాల్చే ఆవంలో గాలి బాగా ఆడితే ఆ ఇనుము ఎర్రబారుతుంది. గాలి అందకుండా మూసి పొగబెడితే అదే మట్టి నల్లబడుతుంది. తెలంగాణలోని పెద్దరాళ్ళ సమాధుల తవ్వకాల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలు దొరికాయి. ఈ రెండు మాయలనూ ఒకే కుండ మీద చూపించిన పాతకాలపు పనితనం అది. చిత్రకారుడికి పనికొచ్చే సంగతి ఏమిటంటే, రంగుల పెట్టెలోని బర్న్ట్ సియెనా కూడా ఇదే. ఇటలీలోని సియెనా పేరు మీద పిలిచే పసుపుపచ్చ మట్టిని కాలిస్తే అందులోని ఇనుము ఎర్రబారి ఆ రంగవుతుంది. కుమ్మరి ఆవంలో జరిగేదీ అదే. మన గడపలకు పూసే జాజు కూడా ఈ వంశానిదే. కాబట్టి కుండ ఎరుపు కోసం అయిదు ట్యూబులు కలపనక్కర్లేదు, మట్టిని మట్టితోనే వేస్తున్నారు. నీడకు నలుపు వాడకండి. బర్న్ట్ సియెనాలో అల్ట్రామెరీన్ నీలం కలిపితే, పాళ్ళు మార్చుకుంటూ గోధుమ నుంచి బూడిద దాకా ఏ నీడైనా దొరుకుతుంది. పైగా నీటిరంగుల్లో ఆ నీలం గింజలు గింజలుగా కాగితం గుంటల్లో దిగుతుంది. ఆ గరుకుదనం అడక్కుండానే మట్టి ఒంటిని తెచ్చిపెడుతుంది.

కుండలో నీళ్ళు పోసి గంట ఆగండి. పైభాగం పొడిగా, కింది భాగం చెమ్మతో ముదురుగా తయారవుతుంది. నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో బయటికే తెలిసిపోతుంది. ఒకే కుండ మీద రెండు రంగులు, మధ్య ఒక మసక గీత. నిండుకుండ తొణకదంటారు గానీ ఎండాకాలం మాత్రం బాగా చెమరుస్తుంది. ఈ చెమటను అందంగా పట్టినవాడు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెథ్. అక్కడి సెవిల్ నగరంలో, ఇరవై ఏళ్ళ ప్రాయంలో, నీళ్ళమ్మేవాడి బొమ్మ వేశాడు. ముందువైపు పెద్ద మట్టిజాడీ, దాని ఒంటిమీద నీటిబొట్లు. లండన్‌లోని యాప్స్‌లీ హౌస్‌లో ఉందా బొమ్మ. మనుషులు ముగ్గురున్నా నా కన్ను ఆ బొట్ల దగ్గరికే పోతుంది.

కుండల్లో ఏ కుండ? కడవ బల్ల మీదికి పెద్దది, ఎదురుగా పెడితే గోడ కట్టినట్టుంటుంది. చల్లకుండ, తెలంగాణవాళ్ళ పటువ, చిన్న గురిగి, ఈ కొలతలు బాగుంటాయి. కూజా మెడ చూడటానికి సొగసే గానీ రెండు పక్కల వంపులూ ఒకేలా రావాలంటే చచ్చేచావు. దాన్ని ఆరు నెలలు ఆగి పట్టుకోండి. ప్రమిదలు నోటి గుండ్రం సాధనకు మంచివి, అరగంటలో పది గీయొచ్చు.

రంగులేసి, అద్దాలు అంటించి, బంగారు పూత పూసి అమ్మే కుండలు మాత్రం వద్దు. ఒకసారి ఒక ప్రదర్శనలో ముచ్చటపడి అలాంటిది కొన్నాను. మూడు ఆదివారాలు కూర్చుంటే వచ్చింది దాని ముగ్గు, కుండ రాలేదు. కన్ను నగిషీ మీదే తిరుగుతూ, కింద గుండ్రటి వస్తువు ఒకటుందని మరిచిపోతుంది. పసుపు, కుంకుమ బొట్లు, వేపరెమ్మలతో ఉన్న బోనం వేరే సంగతి. ఆ అలంకారానికి అర్థం ఉంది, దీపం వెలుగు పైనుంచి పడుతుంది, వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అది రెండో ఏటి పని. ముందు ఉత్త కుండ మీద చెయ్యి కుదరాలి.

వాడిన కుండా, కొత్తదా అని అడిగితే వాడినదే. జపాన్‌లో కిజాఎమోన్ అనే పేరున్న టీ గిన్నె ఒకటుంది. క్యోటోలోని దైతోకుజి ఆలయ సముదాయంలో ఉంటుంది, వాళ్ళకది జాతీయ నిధి. పుట్టింది మాత్రం కొరియాలో, ఎవరో పేరుతెలియని కుమ్మరి చేతిలో, మామూలు గిన్నెగా. ఏళ్ళ వాడకంలో పడ్డ మరకలు, గ్లేజు (గాజులాంటి పైపూత) పగుళ్ళు, అడుగున గరుకుదనం, వీటికే వాళ్ళు మురిసిపోతారు. మన చల్లకుండను ఎవరూ జాతీయ నిధి అనబోరు గానీ దాని మరకలకు తక్కువేం లేదు.

జాడీ

జాడీకి రెండు పొరలున్నాయి. లోపల రూపం, అంటే గుండ్రటి ఒంటిమీద మెల్లగా దిగే వెలుగునీడ, కుండకు లాగానే. పైన గాజులాంటి గ్లేజు పొర, దాని మీద కిటికీ, బల్లగుడ్డ, మీ చొక్కా అన్నీ ప్రతిబింబిస్తాయి. కొత్తవాళ్ళు రెండో పొరకు ఆశపడి మొదటిదాన్ని వదిలేస్తారు. మెరుపుచుక్కలు చకచకా పెట్టేస్తారు, ఆ చుక్కల కింద జాడీ ఉండదు. కళ్ళు చికిలించి చూస్తూ ముందు రూపాన్ని కట్టాలి. మెరుపు పని ఆఖరున. నీటిరంగుల్లో అయితే ఆ చోటు మొదట్నుంచీ కాగితం తెలుపుగా వదిలేసుకోవాలి, తర్వాత తెచ్చుకుందామంటే రాదు.

మెరుపును బాగా చూడండి. అది చుక్క కాదు, కిటికీ. జాడీ భుజం మీద వంగి, సాగి, మధ్యలో ఊచల నీడలతో సహా కనిపిస్తుంది. దాని అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. కుండ మీది వెలుగుకు అంచే ఉండదు. ఈ ఒక్క తేడాతోనే చూసేవాడికి ఏది మట్టో ఏది పింగాణీయో మాట లేకుండా తెలిసిపోతుంది.

పైన గోధుమ, కింద మీగడ రంగు ఉండే మన ఊరగాయ జాడీకి ఇంకో సుగుణం ఉంది. ఆ రెండు రంగులూ కలిసే గీత. అది జాడీ చుట్టూ తిరుగుతుంది కాబట్టి దాని వంపే గుండ్రాన్ని చెప్పేస్తుంది. నోరు, గీత, అడుగు, మూడు వంపులు ఒకదాని కింద ఒకటి విప్పారుతూ పోతాయి. గీత దగ్గర గోధుమ రంగు కాస్త కిందికి జారి ఆగిన చోట్లుంటే వాటిని సరిచేయకండి. ఇక ఆ మీగడ రంగు తెలుపు కాదు. ఎర్రటి గుడ్డ మీద పెడితే కడుపంతా గులాబీ వెలుగు పాకుతుంది, ఆకుపచ్చ గుడ్డ మీద ఇంకోలా. ట్యూబులోంచి తెల్లరంగు తీసి పూసేస్తే జాడీ చచ్చిపోతుంది.

జాడీకి వాసెన కట్టిన రూపం నాకు చాలా ఇష్టం. మూతి మీద తెల్లగుడ్డ, చుట్టూ దారం, కుచ్చులు. మెరిసే ఒంటిమీద మెరవని బట్ట. పైగా నోటి గుండ్రం గుడ్డ కింద దాక్కుంటుంది కాబట్టి అది కుదరని రోజుల్లో కాస్త మోసం చేయొచ్చు.

ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ కూడా ఇలాంటి రెండు రంగుల పాత్రను ఎన్నోసార్లు వేశాడు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్ ప్రాంతపు ఆలివ్ జాడీ, పైసగం ఆకుపచ్చ గ్లేజు, కిందిసగం ఉత్త మట్టి. గ్లేజూ మట్టీ ఒకే ఒంటిమీద. అక్కడి ఎక్స్ పట్టణంలోని అతని లె లోవ్ స్టూడియోలో అతను వాడిన పాత్రలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ అతని గుండ్రాలు చూసి నేర్చుకోకండి. ఆ వంకరలు అన్నీ తెలిసి చేసినవి. మనవి తెలియక వచ్చేవి.

హైదరాబాదు దగ్గర్లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో సెలడాన్ పాత్రల ముందు ఒక పూట నిలబడి రండి. విషం కలిసిన తిండి వడ్డిస్తే రంగు మారుతుందని ఒకప్పుడు నమ్మిన లేతాకుపచ్చ పింగాణీ అది. అక్కడ గీయడం కష్టమే, అద్దాల బీరువాల్లో గ్లేజు మెరుపేదో అద్దం మెరుపేదో తెలియదు. చూడటానికి వెళ్ళండి.

చెంబులు, కప్పులు

ఇత్తడి బిందె, రాగి చెంబు జాడీకన్నా ఒక మెట్టు కష్టం, స్టీలు ఇంకో రెండు మెట్లు. స్టీలు చెంబుకు సొంత రంగే లేదు, గదిలో ఉన్నదంతా దాని మీద ఉంటుంది, బొమ్మ వేస్తున్న మీ ముఖంతో సహా. పెళ్ళిలో పెట్టిన తేదీ, పేరూ చెక్కి ఉంటే అది వేయాలన్న కోరిక ఇంకా పెరుగుతుంది, తెలుసు. అయినా ఆగండి. రాగి మీద ఆశ ఉంటే చింతపండుతో తోమకముందు వేయండి, మసకబారినప్పుడే దాని రంగు చిక్కుతుంది. షార్డాఁ తన రాగి నీళ్ళతొట్టిని ముప్పై సెంటీమీటర్లు కూడా లేని చెక్కపలక మీద వేశాడు, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మెరుపు ఎంత పొదుపుగా వాడాలో దాని ఫొటో చూసినా తెలుస్తుంది.

అద్దెగదిలో ఉండేవాళ్ళకు కప్పు, సాసరు చాలు. విదేశాల్లో ఉన్నవాళ్ళు "మాకు కుండ ఎక్కడ" అంటుంటారు. మొక్కల దుకాణంలో దొరికే ఎర్రమట్టి పూలకుండీ తెచ్చుకోండి, వెలుగు దాని మీదా అలాగే నడుస్తుంది. మా పిన్ని కూతురు డాలస్‌లో దాన్నే బోర్లించి, తిరగేసి, పడుకోబెట్టి ఏడాదంతా వేసింది.

ఏ రంగులతో

ఇప్పుడు జత కుదర్చడం తేలిక. ఎర్రకుండకు నీటిరంగులు, గరుకు కాగితం, 300 జీఎస్‌ఎంకు (చదరపు మీటరుకు గ్రాముల బరువు) తగ్గకుండా. పలచటి కాగితం తడికి ముడతలుపడి, కుండ నీడ మడతల్లో పోయి కూర్చుంటుంది. రంగులో డబ్బు ఆదా చేసినా పర్వాలేదు, కాగితంలో వద్దు. ఎలాగూ కావలసింది రెండు మూడు రంగులే.

మసికుండకు బొగ్గు. కాల్చిన కర్రతో కాల్చిన కర్ర మసిని గీయడం, అంతకన్నా దగ్గరి చుట్టరికం ఏముంటుంది? కాగితం మొత్తం బొగ్గుతో బూడిదరంగు చేసి, రబ్బరుతో వెలుగును తుడిచి తీయండి. అందరికన్నా చవకైన దారి కూడా ఇదే. అసలు రంగుల జోలికి పోకముందు ఒక నెల బొగ్గుతో గడిపినవాళ్ళ కుండలు వేరుగా ఉంటాయి, చూడగానే చెప్పేయొచ్చు.

జాడీకి ఆయిల్ రంగులు. మెల్లగా ఆరతాయి కాబట్టి మీగడ కడుపు మీది వెలుగును నీడలోకి తీరిగ్గా కలపొచ్చు. ఆరాక వాటికే ఒక నిగారింపు ఉంటుంది, అది గ్లేజుకు కలిసొస్తుంది. కష్టం ఏమిటంటే టర్పెంటైన్ వాసన. వంటగదీ పడకగదీ ఒకటే అయిన ఇంట్లో నేను సలహా ఇవ్వను. అక్రిలిక్‌కు వాసన లేదు, కానీ మన మే నెలలో పళ్ళెం మీదే గడ్డకడుతుంది, కలుపుదామనుకునేలోపు ఆరిపోతుంది. తడిగుడ్డ మీద రంగులు పెట్టుకుంటే కొంత నయం. అక్రిలిక్‌తో జాడీ కుదరదని కాదు, పొద్దున్నే ఆరింటికి కూర్చోగలిగితే కుదురుతుంది.

గువాష్‌ను, అంటే కింది పూతను కప్పేసే చిక్కటి నీటిరంగును, చాలామంది పట్టించుకోరు. ఆరాక సున్నం కొట్టిన గోడలా, మెరుపు లేకుండా ఉంటుంది. మట్టికి అంతకన్నా ఏం కావాలి? తప్పు చేస్తే మీద ఇంకో పూత వేసుకోవచ్చు, నీటిరంగులకు ఆ దయ లేదు. బడిపిల్లల పోస్టర్ రంగులతో సాధన చేయండి గానీ గోడకు పెట్టుకునే బొమ్మకు మంచివి కొనండి, చవకవి వెలిసిపోతాయి.

ఇక బాల్ పెన్నుతో గీతల మీద గీతలు గీసి నీడ కట్టేవాళ్ళున్నారు. ప్రయాణాల్లో అది మేలు. తెలంగాణలోని మన నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచ్చింగులు (లోహపు రేకు మీద గీతలు గీసి అచ్చుతీసే బొమ్మలు) ఒకసారి చూడండి, సన్నటి గీతతో ఎంత పని చేయించొచ్చో అర్థమవుతుంది. ఆయన గీతతో ఆగకుండా మట్టినీ చేత్తో మలిచాడు.

ఎలా పేర్చాలి

ఒక్క పాత్ర పెట్టుకుంటే పేర్చే గొడవ లేదు. రెండు మూడు పెట్టగానే మొదలవుతుంది. డ్రాయింగు క్లాసుల్లో త్రికోణం అంటారు, పొడుగుది వెనక, పొట్టివి ముందు. నేను దానికి విరుద్ధం. మొదట వరసలో పెట్టండి.

స్పెయిన్‌లో సుర్బరాన్ అనే చిత్రకారుడు 1650 ప్రాంతంలో అలాగే పెట్టాడు. ఒక అరుగు, నల్లటి వెనకభాగం, నాలుగు పాత్రలు బడిపిల్లల్లా వరసగా. వాటిలో మట్టివే మూడు, చివర్ల రెంటి కింద తగరపు పళ్ళేలు. ఒకదాని మీద ఒకటి ఎక్కవు. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్న ఈ బొమ్మను నేను ఫోనులోనే చూశాను, అయినా చూసిన ప్రతిసారీ గుడిలో నిలబడ్డట్టు ఉంటుంది. వరసలో పెడితే ప్రతి పాత్రనూ విడిగా చూడక తప్పదు, దేని వెనకా దాక్కోలేం. అందుకే మొదలుపెట్టేవాళ్ళకు ఇది మేలంటాను.

రెండో దారి గుంపు, ఇది ఇటలీ చిత్రకారుడు మొరాండి దారి. బొలోన్యాలో ముగ్గురు చెల్లెళ్ళతో ఒకే ఇంట్లో ఉంటూ, చిన్న గదిలో, 1964లో పోయేదాకా అవే సీసాలు, అవే కూజాలు జరిపి జరిపి వేశాడు. కొన్ని సీసాలకు మెరుపు పోయేలా రంగు పూసేవాడు, మీద దుమ్ము పేరుకున్నా తుడిచేవాడు కాదు. ఇప్పుడు మొదట్లో చేసిన తల పరీక్ష గుర్తు తెచ్చుకోండి. మెరుపు కంటిది, రూపం పాత్రది. ఆయన కంటిది తీసేసి పాత్రది మాత్రం ఉంచుకున్నాడు. ఆ గుంపుల్లో ఒకదాని అంచు ఇంకోదాని అంచుతో కలిసిపోయి, ఏది ముందో ఏది వెనకో తేలకుండా ఉంటుంది. చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ చేయబోతే తెలుస్తుంది. అంచులు సరిగ్గా తాకీతాకనట్టు ఉంటే గుంపు బిగుస్తుంది, పొరపాటున తాకితే రెండు కుండలు అతుక్కుపోయినట్టు ఉంటుంది. ఇది ఓపిక ఉన్నవాళ్ళకు, ఒకే బల్ల ముందు నెలలు కూర్చోగలవాళ్ళకు.

మూడోది, పాత్ర పనిలో ఉన్నప్పుడు. షార్డాఁ, డచ్చి చిత్రకారుడు వెర్మీర్ల దారి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న వెర్మీర్ బొమ్మలో పనిమనిషి మట్టికూజాలోంచి మట్టిగిన్నెలోకి పాలు పోస్తూ ఉంటుంది. అక్కడా ఆడమనిషే, అయితే ఆమె చూపూ మన చూపూ కలిసి పాలధార వెంబడి గిన్నెలోకే దిగుతాయి. మన వంటిళ్ళకు ఇది అన్నిటికన్నా పుష్కలమైన దారి. చల్లకుండలో కవ్వం, ఉట్టిలో వేలాడే దుత్త, జాడీ పక్కన సగం కోసిన మామిడికాయ. మనిషి లేకపోయినా మనిషి ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉంటుంది. చిక్కల్లా వస్తువులు ఎక్కువైపోవడమే. కవ్వం పెట్టినవాళ్ళకు ఉల్లిపాయలు పెట్టాలనిపిస్తుంది, ఉల్లిపాయలు పెట్టినవాళ్ళకు కరివేపాకు. మూడు దాటనివ్వకండి.

వెలుగు ఒక్క పక్కనుంచే రావాలి. పైన ట్యూబులైటు వెలుగుతూ ఉంటే ఎంత మంచి కుండైనా చదునుబారిపోతుంది. కిటికీ లేకపోతే ఒక టేబులు లైటు చాలు. ఫొటో చూసి వేయడం నాకు నచ్చదు, తప్పనిసరైతే ఫోను కుండ దగ్గరికి తీసుకెళ్ళకుండా దూరంగా నిలబడి జూమ్ చేయండి. మరీ దగ్గర్నుంచి తీస్తే ముందుభాగం ఉబ్బి నోటి గుండ్రం అబద్ధం చెబుతుంది.

ఎవరికి ఏది

వారానికి గంటే దొరికేవాళ్ళు ఒక్క గురిగి, బొగ్గు పట్టుకోండి. రెండు మూడు గంటలు కూర్చోగలిగి, చెయ్యి ఇంకా కుదరనివాళ్ళు చల్లకుండ, నీటిరంగులు. తప్పులు దిద్దుకుంటూ పోయే స్వభావం ఉంటే అదే కుండకు గువాష్. ఇప్పటికే మనుషుల ముఖాలు వేయగలిగినవాళ్ళు నేరుగా జాడీ, ఆయిల్‌కు వెళ్ళొచ్చు, ముక్కు మీది మెరుపు పట్టినవాడికి జాడీ భుజం కొత్తేం కాదు. పిల్లలతో కలిసి వేయాలంటే ప్రమిదలు, పగిలినా బాధ లేదు. స్టీలు చెంబు ఎవరికీ చెప్పను, వద్దన్నా వేసేవాళ్ళు ఎలాగూ వేస్తారు.

ఇంతా చెప్పి, నా బల్ల మీద ఇప్పుడున్నది కుండ కాదు. వచ్చే వారం కాయ తెస్తారట, కారం పట్టించడం అయిపోయిందని అమ్మ నిన్ననే చెప్పింది. పెద్ద జాడీ కడుపు మీద నీడ ఇంకా పూర్తి కాలేదు, ఆయిల్ పూత ఆరడానికే రెండు రోజులు కావాలి. ఒకసారి నూనె, ఆవపిండి అందులో పడ్డాయంటే మళ్ళీ ఏడాది దాకా అది నా చేతికి రాదు.

"శుక్రవారం దాకా ఉంచుతావా అమ్మా?" అని అడిగాను.

"గురువారం" అంది.

కుండ కుదురు మీద, కిటికీ కింద ఉంది. అది ఎక్కడికీ పోదు.